వైఫై యాక్సెస్ పాయింట్‌లోని ట్రాఫిక్ లెక్కలను చదివే పద్ధతి

హైదరాబాదు అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షలకు చదువుకునేవారి కోసం నడిచే ఒక స్టడీ హాల్‌లో వైఫై బాధ్యత కొంతకాలం నా మీద ఉండేది. అరవై కుర్చీలు, గోడకు బిగించిన ఒకే ఒక యాక్సెస్ పాయింట్ (వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టె), 100 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్, ఇదీ అక్కడి సరంజామా. సాయంత్రం ఏడు దాటిందంటే క్లాసుల వీడియోలు ఆగి ఆగి వస్తున్నాయని విద్యార్థులు మొత్తుకునేవారు. ప్లాన్‌ను 300 ఎంబీపీఎస్‌కు మార్చేద్దామని యజమాని తొందరపడేవారు. డబ్బు కట్టేముందు యాక్సెస్ పాయింట్‌లోని లెక్కలు తీసి చూస్తే, ఆ రద్దీ వేళలో సైతం ఫైబర్ లైనులో మూడో వంతు కూడా వాడకం లేదని తేలింది. ఇబ్బంది ఉన్నది లైనులో కాదని తెలిశాక, అది ఎక్కడుందో కూడా ఆ లెక్కలే చూపించాయి.

ఆ లెక్కలు ఎక్కడ దొరుకుతాయో, వాటిని ఎలా చదవాలో, ఏ అంకెను ఎంతవరకు నమ్మవచ్చో ఇక్కడ వివరిస్తాను. ఉదాహరణలకు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ సాఫ్ట్‌వేర్‌తో నడిచే యాక్సెస్ పాయింట్‌ను తీసుకున్నాను; తన దగ్గరున్న లెక్కలను దాచకుండా చూపించే గుణం దానికి ఉంది. మీ పరికరం వేరే కంపెనీదైతే పేజీల పేర్లు మారతాయి గానీ లోపల లెక్కపెట్టే తీరు దాదాపు ఒకటే.

ముందుగా సరిచూసుకోవలసినవి

మొదట పరికరంలోని గడియారం చూడండి. చాలా యాక్సెస్ పాయింట్లకు లోపల గడియారపు బ్యాటరీ ఉండదు. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ అవి నెట్‌వర్క్ నుంచే సమయం తెచ్చుకోవాలి. ఎన్‌టీపీ (నెట్‌వర్క్ మీదుగా సమయం తెచ్చుకునే పద్ధతి) సర్వర్ చిరునామా పెట్టకపోతే లాగ్‌లో 1970 జనవరి 1 వంటి తప్పు తేదీలు కనిపించవచ్చు. ఎన్‌టీపీని అమర్చి, టైమ్ జోన్‌ను భారత కాలమానానికి మార్చిన తరువాతే మిగతా పని మొదలుపెట్టాలి. ఏ సమయంలో తీసుకున్నదో తెలియని రీడింగు ఎందుకూ పనికిరాదు.

రెండోది, అప్‌టైమ్, అంటే పరికరం ఆగకుండా ఎంతసేపటి నుంచి నడుస్తోందన్నది. పరికరం రీస్టార్ట్ అయితే కౌంటర్లన్నీ, అంటే పెరుగుతూ పోయే ఈ లెక్కలన్నీ, సున్నా నుంచి మొదలవుతాయి. మధ్యాహ్నం రెండు నిమిషాలు కరెంటు పోయిన రోజున సాయంత్రం చూసిన మొత్తాన్ని ఆ రోజు వాడకం అనుకుంటే పొరపాటే. కాబట్టి ప్రతి రీడింగు పక్కనా అప్‌టైమ్ కూడా రాసుకోవాలి.

మూడోది, పరికరం ఏ పద్ధతిలో నడుస్తోందన్నది. ఐపీ అడ్రసులు పంచుతూ ఇంటర్నెట్‌ను పంపిణీ చేసే పనిని ఇదే చేస్తుంటే అది రౌటర్. ఆ పని వేరే పెట్టె చేస్తూ, ఇది కేవలం తీగ మీద వచ్చినదాన్ని గాలిలోకి, గాలిలో వచ్చినదాన్ని తీగ మీదికి దాటిస్తుంటే అది నిఖార్సైన యాక్సెస్ పాయింట్. ఈ రెండో పద్ధతిలో ట్రాఫిక్ బ్రిడ్జి మీదుగా, అంటే ఐపీ అడ్రసులను పట్టించుకోకుండా నేరుగా, సాగిపోతుంది. అందువల్ల ఐపీ అడ్రసుల వారీగా లెక్క రాసే ఎన్‌ఎల్‌బీడబ్ల్యూమాన్ వంటి ప్యాకేజీలు అక్కడ దాదాపు ఖాళీ పట్టికనే చూపిస్తాయి. ప్యాకేజీ చెడిపోయిందనుకుని దాన్ని మూడుసార్లు తీసి మళ్లీ వేసినవారిలో నేనూ ఒకణ్ణి. ఎవరు ఎంత వాడారన్న లెక్క ఐపీ వారీగా కావాలంటే దాన్ని రౌటర్‌లోనే పెట్టాలి. రేడియోకు సంబంధించిన లెక్కలు మాత్రం యాక్సెస్ పాయింట్‌లోనే దొరుకుతాయి.

ఇక పేజీల సంగతి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీకి ఉన్న లూసీ అనే వెబ్ పేజీలో స్టేటస్ మెనూ కింద ఓవర్‌వ్యూ తెరిస్తే, వైఫైకి తగులుకుని ఉన్న పరికరాల జాబితా, వాటి సిగ్నల్, వేగాలు కనిపిస్తాయి. అదే మెనూలోని రియల్‌టైమ్ గ్రాఫ్స్‌లో ట్రాఫిక్, వైర్‌లెస్ అనే విభాగాలు ఉంటాయి. నెట్‌వర్క్ మెనూలోని ఇంటర్‌ఫేసెస్ పేజీలో బైట్లు, ప్యాకెట్ల మొత్తాలు ఉంటాయి. టీపీ లింక్ పాత రౌటర్లలో సిస్టం టూల్స్ కింద స్టాటిస్టిక్స్ అనే పేజీ, వైర్‌లెస్ కింద వైర్‌లెస్ స్టాటిస్టిక్స్ అనే పేజీ ఉండేవి. కార్యాలయాల కోసం అమ్మే పరికరాలలో ప్రతి ఇంటర్‌ఫేస్‌కూ పంపినవి, అందుకున్నవి విడివిడిగా చూపే పేజీ సాధారణంగా ఉంటుంది.

టీఎక్స్, ఆర్‌ఎక్స్: ఎవరి వైపు నుంచి?

కొత్తగా ఈ పేజీ తెరిచిన ప్రతివారూ తడబడేది ఇక్కడే. టీఎక్స్ అంటే పంపినది, ఆర్‌ఎక్స్ అంటే అందుకున్నది. అయితే పంపినదీ అందుకున్నదీ ఆ ఇంటర్‌ఫేస్, విద్యార్థి ఫోను కాదు. విద్యార్థి ఒక వీడియో చూస్తున్నప్పుడు ఆ డేటా మొదట తీగ ద్వారా యాక్సెస్ పాయింట్‌కు వస్తుంది, అంటే ఆ తీగ గుచ్చిన ఈథర్‌నెట్ పోర్టులో ఆర్‌ఎక్స్ పెరుగుతుంది. తరువాత అదే డేటా గాలిలోకి వెళుతుంది, అంటే వైఫై రేడియోలో టీఎక్స్ పెరుగుతుంది. మనం డౌన్‌లోడ్ అనేది ఒకచోట ఆర్‌ఎక్స్‌గా, మరోచోట టీఎక్స్‌గా నమోదవుతుంది. పరికరం ముందు కూర్చుని ఒక పెద్ద ఫైలును ఫోనులోకి దించుతూ ఏ అంకె పరుగెడుతోందో కళ్లారా చూస్తే ఈ తికమక శాశ్వతంగా పోతుంది.

ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడటం ఒక మంచి అలవాటు. తీగ మీద అందుకున్నదీ, 2.4, 5 గిగాహెర్ట్జ్ రేడియోలు రెండూ కలిపి పంపినదీ ఇంచుమించు సరిపోవాలి. అచ్చంగా సమానం కావు, ఎందుకంటే అడ్మిన్ పేజీ తెరిచినందుకు అయ్యే ట్రాఫిక్ వంటివి ఒకవైపే చేరతాయి. కానీ భారీ తేడా కనిపిస్తే, మీరు లెక్కలోకి తీసుకోని ఇంకో ఎస్‌ఎస్‌ఐడీ (ఫోనులో కనిపించే వైఫై పేరు) ఉందేమో, లేదా హార్డ్‌వేర్ ఆఫ్‌లోడ్ (ట్రాఫిక్‌ను సాఫ్ట్‌వేర్ బదులు చిప్పే నేరుగా దాటించడం) ఆన్‌లో ఉండి కొంత ట్రాఫిక్ కౌంటర్ల కంటపడకుండా దాటిపోతోందేమో చూడాలి.

రెండు రీడింగుల మధ్య తేడా

కౌంటర్ అన్నది కరెంటు మీటరు వంటిది. మీటరు మీద కనిపించే మొత్తం అంకెకు ఎవరూ బిల్లు కట్టరు. పోయిన నెల రీడింగును ఈ నెల రీడింగులోంచి తీసివేసి, మిగిలినదానికే కడతారు. యాక్సెస్ పాయింట్‌లోనూ అంతే. 320 కోట్ల బైట్లు అన్న అంకె తనంతట తాను ఏమీ చెప్పదు. ఎప్పటి నుంచి ఎప్పటి వరకు అన్నది కలిస్తేనే దానికి అర్థం వస్తుంది.

స్టడీ హాల్‌లో నా నోటుపుస్తకంలో రాసుకున్న రీడింగులే చూడండి. ఈథర్‌నెట్ పోర్టు ఆర్‌ఎక్స్ బైట్లు రాత్రి 7:00కు 118 కోట్ల 20 లక్షలు, 7:10కి 320 కోట్ల 70 లక్షలు. తేడా 202 కోట్ల 50 లక్షల బైట్లు. పది నిమిషాలంటే 600 సెకన్లు కాబట్టి సెకనుకు 33 లక్షల 75 వేల బైట్లు. ఒక బైటుకు 8 బిట్లు, అంటే సెకనుకు 2 కోట్ల 70 లక్షల బిట్లు, మన వాడుకలో 27 ఎంబీపీఎస్. ఇంటర్నెట్ కంపెనీ ప్లాన్లు బిట్లలో ఉంటాయి, కౌంటర్లు బైట్లలో ఉంటాయి. ఎనిమిదితో హెచ్చించడం మరిచిపోతే 27 కాస్తా మూడు పైచిలుకుగా కనిపిస్తుంది.

ఇప్పుడు 7:20 రీడింగు. అందులో ఉన్నది 93 కోట్ల 70 లక్షలు. ముందు రీడింగు కంటే తక్కువ. అప్‌టైమ్ చూస్తే పరికరం రీస్టార్ట్ కాలేదు. మరి అంకె ఎలా తగ్గింది? పాత పరికరాలలోనూ, కొన్ని కొత్తవాటిలోనూ కౌంటర్ 32 బిట్లదై ఉంటుంది. అది 4,29,49,67,295 వరకు, అంటే సుమారు 429 కోట్ల 50 లక్షల వరకు లెక్కపెట్టి, ఆ తరువాత మళ్లీ సున్నాకు వస్తుంది. 99,999 దాటిన స్కూటరు మీటరు మళ్లీ సున్నాల దగ్గర మొదలైనట్టు. కాబట్టి 429.50లోంచి 320.70 తీసివేస్తే 108.80, దానికి 93.70 కలిపితే 202 కోట్ల 50 లక్షలు. వేగం ముందు పది నిమిషాల్లో ఎంతో ఇప్పుడూ అంతే.

ఈ తిరుగుడు ఎంత త్వరగా వస్తుందో తెలిస్తే రీడింగుల మధ్య ఎడం ఎంత ఉండాలో తెలుస్తుంది. లైను నిండుగా 100 ఎంబీపీఎస్‌తో నడిస్తే 32 బిట్ల కౌంటర్ దాదాపు 5 నిమిషాల 44 సెకన్లలో ఒక చుట్టు తిరిగిపోతుంది. అదే 1 జీబీపీఎస్ అయితే 34 సెకన్లు చాలు. రెండు రీడింగుల మధ్య అది రెండు చుట్లు తిరిగితే తెలుసుకునే దారే లేదు. అందుకే 64 బిట్ల కౌంటర్ దొరికే చోట దాన్నే వాడాలి. దొరకని చోట రీడింగుల ఎడం తగ్గించాలి.

తప్పులు, వదిలేసినవి, మళ్లీ పంపినవి

బైట్ల పక్కన ఎర్రర్స్, డ్రాప్డ్, రీట్రైస్ అనే పేర్లతో ఇంకొన్ని అంకెలు ఉంటాయి. ఇవి సున్నాగా లేవని కంగారు పడనక్కరలేదు. అయితే ఒక్కొక్కటి ఒక్కో చోటి సంగతి చెబుతుంది.

ఈథర్‌నెట్ పోర్టులో ఎర్రర్స్ రోజురోజుకూ పెరుగుతున్నాయంటే నేను ముందు అనుమానించేది కేబుల్‌నే. సరిగా క్రింపు కాని కనెక్టర్, తలుపు సందులో నలిగిన తీగ, చెమ్మ తగిలిన జాయింటు, వీటిలో ఏదో ఒకటి ఉంటుంది. అదే పేజీలో లింక్ వేగం కూడా చూడండి. గిగాబిట్ లింకుకు కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ బాగుండాలి, 100 ఎంబీపీఎస్‌కు రెండు జతలు చాలు. కాబట్టి రెండువైపులా గిగాబిట్ పోర్టులు ఉండి కూడా లింక్ 100 దగ్గర ఆగిందంటే కేబుల్‌లో ఒక జత తెగిందని దాదాపు ఖాయం చేసుకోవచ్చు.

వైఫై ఇంటర్‌ఫేస్‌లో డ్రాప్డ్ అంకె కొంత పెరగడం మామూలే. తీగ మీద వేగంగా వచ్చిన డేటా గాలిలో నెమ్మదిగా వెళ్లాల్సి వచ్చినప్పుడు వరుస నిండిపోతుంది, నిండాక వచ్చినవి పడిపోతాయి. వాటిని పై పొరలోని టీసీపీ (డేటా అంతా చేరిందో లేదో చూసుకునే పద్ధతి) మళ్లీ పంపించుకుంటుంది.

అన్నిటికంటే విలువైనది రీట్రైస్. వైఫైలో ఒక పరికరానికి ఉద్దేశించి పంపిన ఫ్రేమ్‌లకు (గాలిలో వెళ్లే డేటా ముక్కలకు) అవతలి నుంచి అందిందన్న జవాబు రావాలి. రాకపోతే మళ్లీ పంపుతారు. ఒక వ్యవధిలో 5 లక్షల ప్యాకెట్లు పంపితే రీట్రైస్ 60 వేలు పెరిగాయనుకుందాం, అది 12 శాతం. పది శాతం లోపు ఉంటే నేను పట్టించుకోను, ఇరవై దాటితే కారణం వెతుకుతాను. ఇది ప్రమాణంలో రాసిన హద్దు కాదు, అలవాటు మీద ఏర్పడిన అంచనా. పైగా ఒక్కో డ్రైవరు రీట్రైలను ఒక్కో రకంగా లెక్కపెడుతుంది కనుక, రెండు కంపెనీల పరికరాల శాతాలను పోల్చకుండా, అదే పరికరంలో ఉదయానికీ సాయంత్రానికీ ఉన్న తేడాను చూడటం మేలు.

ఒక్కొక్క పరికరం లెక్క

ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి ఆదేశాలు టైపు చేసే పద్ధతి) ద్వారా లోపలికి వెళ్లి, ఐడబ్ల్యూ అనే ఆదేశంతో వైఫై ఇంటర్‌ఫేస్‌కు స్టేషన్ డంప్ అడిగితే, ఆ క్షణాన తగులుకుని ఉన్న ప్రతి పరికరానికీ ఒక చిన్న పేరా వస్తుంది. అందులో మ్యాక్ అడ్రస్ (పరికరాన్ని గుర్తించే హార్డ్‌వేర్ చిరునామా), ఎంతసేపటి నుంచి మౌనంగా ఉంది, పంపిన బైట్లు, అందుకున్న బైట్లు, రీట్రైస్, విఫలమైనవి, సిగ్నల్, రెండువైపుల బిట్‌రేట్లు (గాలిలో డేటా పంపే వేగాలు), కనెక్ట్ అయి ఎంతసేపయింది అన్నవి ఉంటాయి. ఇందులో నా కన్ను మొదట పడేది సిగ్నల్ మీద, తరువాత బిట్‌రేట్ మీద. బైట్ల దగ్గరికి చివరన వస్తాను.

సిగ్నల్ డీబీఎంలలో, రుణ సంఖ్యగా ఉంటుంది. మైనస్ 45 అంటే పక్కనే ఉన్నట్టు, మైనస్ 67 వరకు వీడియో కాల్‌కు కూడా ఢోకా లేదు, మైనస్ 75 దాటితే బిట్‌రేట్ బాగా పడిపోతుంది, మైనస్ 80 దాటితే కనెక్షన్ పేరుకే. సున్నాకు ఎంత దగ్గరైతే అంత మంచిది. ఇది ఫోను నుంచి వచ్చిన సిగ్నల్ యాక్సెస్ పాయింట్ చెవికి ఎలా వినిపిస్తోందన్న కొలత, ఫోను మీద కనిపించే గీతల లెక్క కాదు. యాక్సెస్ పాయింట్ గొంతు పెద్దది, ఫోను గొంతు చిన్నది. ఫోనులో గీతలు నిండుగా ఉండి కూడా ఇక్కడ మైనస్ 78 కనిపించడంలో వింతేమీ లేదు.

ఈ అంకెలతో ఒక చిక్కు ఉంది. పరికరం డిస్కనెక్ట్ అయి మళ్లీ వస్తే దాని కౌంటర్లు సున్నా నుంచి మొదలవుతాయి. విద్యార్థి టీ తాగడానికి బయటికి వెళ్లి వచ్చినా అంతే. ఇంకో చిక్కు మ్యాక్ అడ్రస్‌ది. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్లలో ఐఓఎస్ 14 నుంచి, ఫోన్లు తమ అసలు మ్యాక్ అడ్రస్ బదులు కల్పించుకున్న అడ్రస్‌ను ఇస్తున్నాయి. అడ్రస్‌లో రెండో అక్షరం 2, 6, ఏ, ఈ అనే నాలుగింటిలో ఒకటైతే అది అలాంటి అడ్రసేనని ఊహించవచ్చు. ఒక ఫోను ఎస్‌ఎస్‌ఐడీని మరిచిపోయి మళ్లీ చేరితే కొత్త అడ్రస్‌తో రావచ్చు కనుక, మ్యాక్ అడ్రస్‌ను పట్టుకుని నెలవారీ వాడకం లెక్కకట్టి ఎవరినైనా నిలదీయడం న్యాయం కాదు. పైగా ఈ కౌంటర్లు ఎంత అన్నదే చెబుతాయి, ఏమిటి అన్నది చెప్పవు. ఎవరు ఏ సైటు చూశారో ఇక్కడ ఉండదు. ఆ సంగతిని విద్యార్థులకు ముందే చెబితే సగం అనుమానాలు పోతాయి.

ఎయిర్‌టైమ్: అసలు రద్దీ ఉన్న చోటు

ట్రాఫిక్ లెక్కలంటే బైట్ల లెక్కలే అనుకునేవారికి వైఫై ఎప్పటికీ అర్థం కాదు. తీగలో ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు కూడా మాట్లాడవచ్చు. గాలిలో, ఒక చానల్‌లో, ఒకసారి ఒక్కరే మాట్లాడాలి. మిగిలినవారంతా, పక్క భవనంలోని యాక్సెస్ పాయింట్‌తో సహా, ఆగి వినాలి. కాబట్టి గాలిలో నిజంగా ఖర్చయ్యేది సమయం, దాన్నే ఎయిర్‌టైమ్ అంటారు. 1500 బైట్ల ఫ్రేమ్ అంటే 12 వేల బిట్లు. దాన్ని 300 ఎంబీపీఎస్ బిట్‌రేట్‌తో పంపితే డేటా భాగానికి 40 మైక్రోసెకన్లు పడుతుంది. దూరాన ఉన్న ఫోనుకు 6 ఎంబీపీఎస్‌తో పంపితే 2,000 మైక్రోసెకన్లు. పాత పద్ధతిలోని 1 ఎంబీపీఎస్‌తో అయితే 12,000. బైట్ల కౌంటర్‌లో మూడింటికీ 1500 అనే పడుతుంది. పంక్తిలో ఒక్కరు గంటసేపు తింటూ కూర్చుంటే రెండో పంక్తి లేవదు కదా, ఇదీ అంతే. ఆయన ఎంత తిన్నాడన్నది తరువాతి సంగతి.

ఈ సమయపు లెక్క కోసం అదే ఐడబ్ల్యూ ఆదేశంతో సర్వే డంప్ అడగాలి. వాడుకలో ఉన్న చానల్ కింద యాక్టివ్, బిజీ, రిసీవ్, ట్రాన్స్‌మిట్ అనే నాలుగు సమయాలు మిల్లీసెకన్లలో వస్తాయి. యాక్టివ్ అంటే రేడియో ఆ చానల్ మీద ఉన్న మొత్తం సమయం. బిజీ అంటే అందులో చానల్ ఖాళీగా లేదని అనిపించిన సమయం. రిసీవ్ అంటే వైఫై ఫ్రేమ్‌లు వింటూ గడిపినది. ఇందులో మన విద్యార్థుల ఫోన్లవే కాక పక్కవారి ఫ్రేమ్‌లు కూడా సాధారణంగా కలిసి ఉంటాయి. ట్రాన్స్‌మిట్ అంటే మన యాక్సెస్ పాయింట్ తానే మాట్లాడిన సమయం. కొన్ని డ్రైవర్లు ఈ నాలుగింటినీ ఇవ్వవు. ఉన్నవాటితోనే పని నడపాలి. ఇవి కూడా పెరుగుతూ పోయే కౌంటర్లే కనుక ఇక్కడా రెండు రీడింగుల తేడాయే తీసుకోవాలి.

స్టడీ హాల్‌లో 7:00 నుంచి 7:10 వరకు 2.4 గిగాహెర్ట్జ్ రేడియో లెక్క ఇది. యాక్టివ్ 600 సెకన్లు, బిజీ 516, ట్రాన్స్‌మిట్ 210, రిసీవ్ 270. చానల్ 86 శాతం నిండి ఉంది. మనం మాట్లాడినది 35 శాతం, విన్నది 45 శాతం. మిగిలిన 36 సెకన్లు, అంటే 6 శాతం, వైఫైగా పోల్చుకోలేని సద్దు. బ్లూటూత్ పరికరాలు, మైక్రోవేవ్ ఓవెన్లు, లేదా దూరం నుంచి ముక్కలుగా వినిపించే వైఫై సంకేతాలు ఇందులో పడతాయి. ఇంతా చేసి ఆ రేడియో మోసిన డౌన్‌లోడ్ ట్రాఫిక్ 6 ఎంబీపీఎస్ మాత్రమే. అదే పది నిమిషాల్లో 5 గిగాహెర్ట్జ్ రేడియో 21 ఎంబీపీఎస్ మోసింది, దాని చానల్ నిండినది 14 శాతమే. మూడున్నర రెట్ల బరువును ఆరో వంతు సమయంలో మోసిందన్నమాట. వీడియోలు ఆగిపోతున్న ఫోన్ల మ్యాక్ అడ్రసులు అడిగి చూస్తే అన్నీ 2.4లోనే ఉన్నాయి.

ఇక 2.4 లోపలికి తొంగిచూడాలి. మొదటి సంగతి, ఎప్పుడో ఎవరో దాన్ని 4వ చానల్‌లో పెట్టారు. ఈ బ్యాండ్‌లో ఒకదాన్నొకటి ఒరుసుకోకుండా ఉండేవి 1, 6, 11 మాత్రమే. 4లో కూర్చుంటే 1లో ఉన్నవారితోనూ 6లో ఉన్నవారితోనూ గొడవే. అశోక్‌నగర్ వంటి చోట ఒకే వీధిలో ఎన్ని స్టడీ హాళ్లు ఉంటాయో తెలిసినవారికి ఆ 45 శాతం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పనక్కరలేదు.

రెండో సంగతి బీకన్లది. ప్రతి ఎస్‌ఎస్‌ఐడీ తన ఉనికిని చాటుకుంటూ సాధారణంగా 102.4 మిల్లీసెకన్లకు ఒక బీకన్ పంపుతుంది, అదీ అత్యల్ప బిట్‌రేట్‌తో. 250 బైట్ల బీకన్‌ను 1 ఎంబీపీఎస్‌తో పంపితే ప్రతి ఫ్రేమ్ ముందూ వెళ్లే ముందుమాట సంకేతంతో కలిపి సుమారు 2.2 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే ఒక్కో పేరుకు రెండు శాతం పైన ఎయిర్‌టైమ్, ఎవరూ ఏమీ వాడకపోయినా. అక్కడ విద్యార్థులకు, సిబ్బందికి, కెమెరాలకు, అతిథులకు అని నాలుగు ఎస్‌ఎస్‌ఐడీలు ఉన్నాయి. ఎనిమిది శాతానికి పైగా పేర్లు చాటింపు వేయడానికే సరిపోయింది. ఒకేసారి అందరికీ లేదా కొందరికి వెళ్లే బ్రాడ్‌కాస్ట్, మల్టీకాస్ట్ ఫ్రేమ్‌లు కూడా ఇలాగే తక్కువ బిట్‌రేట్‌తో వెళతాయి.

మూడోది గాలిలోంచి కాక కుర్చీల్లోంచి వచ్చింది: హాల్ మధ్యలో కూర్చున్నవారి ఫోన్లు కూడా గట్టిగా వినిపిస్తోందన్న ఒక్క కారణంతో 2.4నే పట్టుకుని వేలాడుతున్నాయి.

అంకెలను దాచుకోవడం

చేత్తో రాసుకునే రీడింగులు ఒక వారం వరకు ఓపిక పట్టగలిగినవారికే. ఆ తరువాత ఎస్‌ఎన్‌ఎంపీని (పరికరంలోని లెక్కలను వేరే కంప్యూటర్‌కు ఇచ్చే పద్ధతిని) ఆన్ చేసి, వేరే కంప్యూటర్‌లో లిబ్రేఎన్‌ఎంఎస్, కాక్టై, జాబిక్స్ వంటివాటిలో ఒకదానితో గ్రాఫులు గీయించుకోవాలి. ఎస్‌ఎన్‌ఎంపీలో పాస్‌వర్డ్‌లా పనిచేసే పబ్లిక్ అనే పాత కమ్యూనిటీ పేరును తప్పకుండా మార్చండి, చదవడానికి మాత్రమే అనుమతి ఇవ్వండి, వీలైతే మూడో వెర్షన్ వాడండి. ఇంటర్‌ఫేస్ కౌంటర్లను ఎంచుకునేటప్పుడు పేరులో హెచ్‌సీ అని ఉన్నవి తీసుకుంటే అవి 64 బిట్లవి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలోనే పని ముగించాలనుకుంటే లెక్కలు సేకరించే కలెక్ట్‌డీ అనే ప్రోగ్రామ్ మీద నడిచే లూసీ స్టాటిస్టిక్స్ ప్యాకేజీ ఉంది. అయితే దాని ఫైళ్లు మామూలుగా ర్యామ్‌లో ఉంటాయి కనుక కరెంటు పోతే గ్రాఫు కూడా పోతుంది. పరికరంలోని ఫ్లాష్ మీద నిమిషానికోసారి రాయించడం దాని ఆయుష్షును తినేస్తుంది, అందుకు యూఎస్‌బీ పెన్‌డ్రైవ్ మేలు.

అయిదు నిమిషాలకు ఒక రీడింగు తీసుకునే ఆనవాయితీ 1995లో వచ్చిన ఎంఆర్‌టీజీ అనే గ్రాఫుల ప్రోగ్రామ్ నాటి నుంచి వస్తున్నది. నెలవారీ చూపుకు అది చాలు. కానీ అది అయిదు నిమిషాల సగటు. అందులో ఇరవై సెకన్ల పాటు లైను నిండిపోయినా గ్రాఫు మీద చిన్న గుట్టగా కూడా కనిపించకపోవచ్చు. పాతబడినకొద్దీ గ్రాఫు గంటల సగటుగా, రోజుల సగటుగా కుదించుకుపోతుంది కనుక, మూడు నెలల కిందటి శిఖరాలు ఇప్పుడు చదునుగా కనిపిస్తాయి. ఫిర్యాదు వచ్చిన గంటలో మాత్రం పది సెకన్లకోసారి చేత్తో తీసిన రీడింగులకు సాటి లేదు.

మార్పు చేశాక మళ్లీ కొలవడం

స్టడీ హాల్‌లో ఒక్కో సాయంత్రం ఒక్కటే మార్చాను. అన్నీ ఒకేసారి మారిస్తే ఏ మందు పనిచేసిందో తెలియదు. మొదట చానల్‌ను 4 నుంచి 11కు, ఎందుకంటే స్కాన్‌లో పొరుగువారు అక్కడ తక్కువగా ఉన్నారు. మరునాడు 1, 2, 5.5, 11 ఎంబీపీఎస్ అనే పాత బిట్‌రేట్లను ఆపేశాను. చాలా పాత ప్రింటర్లు, బార్‌కోడ్ యంత్రాలు ఉన్న చోట ఇది చేసేముందు వాటిని చూసుకోవాలి. ఆ తరువాత నాలుగు ఎస్‌ఎస్‌ఐడీలను రెండుకు తగ్గించి, చివరగా 2.4 రేడియో పవర్‌ను తగ్గించాను, ఫోన్లు 5 వైపు మళ్లాలని. ప్రతిరోజూ అదే 7:00కు, అదే 7:10కి, అవే కౌంటర్లు.

చివరి రోజు రీడింగులో 2.4 చానల్ బిజీ 52 శాతానికి దిగింది. ఈథర్‌నెట్ పోర్టులో మాత్రం వేగం 27 నుంచి 41 ఎంబీపీఎస్‌కు పెరిగింది, ఇంతకాలం గాలిలో ఇరుక్కున్న వీడియోలు ఇప్పుడు సాగుతున్నాయి కాబట్టి. ప్లాన్ 100 దగ్గరే ఉండిపోయింది. పది సెకన్ల రీడింగుల్లో రోజూ 90 దాటడం మొదలైతే అప్పుడు పెంచుకోవచ్చని యజమానికి చెప్పాను.

ఒక ఫిర్యాదు మిగిలింది. 43వ నంబరు కుర్చీలోని అమ్మాయి ఫోను స్టేషన్ డంప్‌లో ఎప్పుడు చూసినా మైనస్ 79, రీట్రైస్ 30 శాతం పైన. వెళ్లి చూస్తే ఆ కుర్చీకీ యాక్సెస్ పాయింట్‌కూ మధ్య పుస్తకాల ఇనుప బీరువా ఉంది. బీరువాను ఎదురు గోడకు జరిపి, అదే చోట నిలబడి స్టేషన్ డంప్ మళ్లీ అడిగితే మైనస్ 64 వచ్చింది.